పక్కవాళ్ల పొగ: ఇంట్లో, అపార్టుమెంటులో, ఆఫీసులో, ప్రయాణంలో తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్టుమెంటు సంఘం మీటింగుల్లో, ఆఫీసు క్యాంటీన్లో, చుట్టాల ఇళ్లలో పక్కవాళ్లు తాగే సిగరెట్టు, బీడీ పొగ మీద మళ్లీ మళ్లీ అవే సందేహాలు వస్తున్నాయి. అడిగేవాళ్లలో పొగ తాగనివాళ్లూ ఉన్నారు, తాగేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వరుసగా చదవక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మాట ఎత్తేముందు: అసలు హాని ఎంత?

నేను తాగను కదా, పక్కవాళ్లు తాగితే నాకేమవుతుంది?

సిగరెట్టు నుంచి పొగ రెండు దారుల్లో వస్తుంది. తాగే మనిషి పీల్చి వదిలేది ఒకటి. దమ్ముకూ దమ్ముకూ మధ్య, వేళ్ల సందున ఊరికే కాలుతూ కొస నుంచి లేచేది రెండోది. గదిలో పేరుకునేదాంట్లో ఎక్కువ భాగం ఈ రెండోదే. అది ఫిల్టరు గుండా రాదు. ఈ పొగలో 7000కు పైగా రసాయనాలున్నాయి, వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. ఇంట్లోనో పనిచేసే చోటో రోజూ ఈ పొగ పీల్చేవాళ్లకు, తాము ఒక్క సిగరెట్టు ముట్టకపోయినా, గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. పక్కవాళ్ల పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇదంతా ఊరికే భయపెట్టడమా, రుజువేమైనా ఉందా?

ఉంది, అది చాలా పాత రుజువు. జపాన్‌లో తకేషి హిరయామా అనే పరిశోధకుడు పొగ తాగని 91,540 మంది వివాహితలను 14 ఏళ్ల పాటు గమనించి, 1981లో ఫలితాలు ప్రచురించాడు. భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత ఎక్కువగా కనిపించింది. సిగరెట్టు కంపెనీలు ఆ లెక్కలు తప్పని నిరూపించడానికి చాలా ప్రయత్నించాయి, కానీ తర్వాత వేరే దేశాల్లో చేసిన అధ్యయనాలూ అదే మాట చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం పక్కవాళ్ల పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఆస్‌బెస్టాస్ ఉన్నది కూడా ఆ వర్గంలోనే.

ఆ 91 వేల మంది ఆడవాళ్లు చేసిన తప్పేమీ లేదు. సొంత ఇంట్లో గాలి పీల్చారు, అంతే. 2016-17 సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగేది మగవాళ్లలో 19 శాతం, ఆడవాళ్లలో 2 శాతం. అంటే ఇక్కడ కూడా పొగ ఒకరిది, భారం మరొకరిది.

కిటికీ తీసి, ఫ్యాను వేసుకుని తాగితే పోతుంది కదా?

పోదు. ఫ్యాను పొగను బయటికి తోయదు, గదంతా సమంగా పంచుతుంది. కిటికీలోంచి గాలి లోపలికి కొడుతుంటే పొగ కూడా పక్క గదుల్లోకే వెళ్తుంది. మామూలు ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఎయిర్ ప్యూరిఫయర్ నలుసులను కొంత పట్టినా వాయువులను పూర్తిగా వదిలించలేదు. ఇంత పొగ అయితే ప్రమాదం లేదు అనే హద్దే లేదని, తాగేవాళ్లను వేరే మూల కూర్చోబెట్టినా గాలిని శుభ్రం చేసినా సరిపోదని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ముఖ్య ఆరోగ్యాధికారి) 2006 నివేదిక తేల్చి చెప్పింది. లోపల ఎవరూ తాగకపోవడం ఒక్కటే పనిచేసే ఉపాయం.

పూజ గదిలో అగరబత్తి, సాంబ్రాణి పొగ లేదా? కట్టెల పొయ్యి పొగ లేదా? సిగరెట్టు మీదే ఎందుకు పడతారు?

న్యాయమైన ప్రశ్నే. ఏది కాల్చినా సన్నని నలుసులు పుడతాయి, అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో సాంబ్రాణి కూడా తగ్గించాలి, పూజ గది తలుపూ కిటికీ తీసి ఉంచాలి. కట్టెల పొయ్యి పొగతో తరాల తరాల ఆడవాళ్ల ఊపిరితిత్తులు పాడైన మాటా నిజమే. కానీ ఇంట్లో ఇప్పటికే ఒక పొగ ఉందంటే రెండోదానికి అనుమతి దొరికినట్టు కాదు. రెండూ అదే ఛాతీలో కలుస్తాయి.

బీడీ చిన్నది, చుట్ట మన పొలంలో పండిన ఆకే. సిగరెట్టంత ప్రమాదమా?

బీడీకి ఫిల్టరు లేదు, ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా దమ్ము లాగాలి. చుట్టలో పొగాకు ఎక్కువ, కాబట్టి చాలాసేపు కాలుతుంది, పొగా ఎక్కువే. సొంత పొలంలో పండినంత మాత్రాన నికోటిన్ గానీ తారు గానీ తగ్గదు. అదే సర్వేలో సిగరెట్టు తాగే పెద్దలు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. పొగ గురించి మాట్లాడేటప్పుడు బీడీని పక్కన పెడితే సగం ఇళ్లను వదిలేసినట్టే.

వేప్‌లో (ఈ-సిగరెట్టులో) పొగ ఉండదు, ఆవిరే కదా?

ఆ ఆవిరిలో సాధారణంగా నికోటిన్ ఉంటుంది, సన్నని కణాలుంటాయి. మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నిటినీ 2019లోనే చట్టంతో నిషేధించారు. అమ్ముతూ మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చదువుకునే పిల్లల చేతిలో పెన్‌డ్రైవ్ లాంటిది కనిపిస్తే ఒకసారి పరిశీలనగా చూడండి.

## ఇంట్లో

నా ఇల్లు, నా డబ్బు. నా ఇంట్లో నేను తాగితే చట్టం అడ్డొస్తుందా?

అడ్డు రాదు. పొగ నిషేధం బహిరంగ ప్రదేశాలకు, పనిచేసే చోట్లకు. సొంత ఇంటి గడప లోపలికి ఆ చట్టం రాదు. అందుకే ఇల్లే అసలు సమస్య. 2016-17లో దేశమంతా చేసిన పొగాకు సర్వేలో, ఇంట్లో పొగ పీలుస్తున్నామన్న పెద్దలు 38.7 శాతం. నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్లలో, పనిచేసే చోట పొగ పీలుస్తున్నామన్నవాళ్లు 30.2 శాతం. ఆఫీసులో బోర్డు ఉంది, జరిమానా ఉంది, మేనేజరు ఉన్నాడు. ఇంట్లో భార్యా పిల్లలు తప్ప అడిగేవాళ్లు లేరు, వాళ్లు అడగలేరు కూడా.

మామగారు హాల్లో కూర్చునే తాగుతారు. కోడలిని, ఎలా చెప్పను?

ఎక్కువమంది అడిగేదీ, చెప్పడం కష్టమైనదీ ఇదే. నేరుగా మీరే చెప్పాల్సిన పని లేదు, మొదట మీ భర్తతో చెప్పించండి. కన్నకొడుకు చెబితే కోప్పడి ఊరుకుంటారు. కోడలు చెబితే అది పరువు సమస్యగా మారుతుంది. ఇది న్యాయం కాదని నాకూ తెలుసు, కానీ ఇవాళ కావలసింది పొగ ఆగడం.

చెప్పేటప్పుడు "మానేయండి" అనొద్దు. నలభై ఏళ్ల అలవాటును ఒక్క మాటతో మానేయమంటే ఆ మాటతోనే సంభాషణ ముగిసిపోతుంది. "నాన్నా, లోపల వద్దు, మెట్లు దిగి వేపచెట్టు కింద కూర్చుని తాగు, కుర్చీ వేసి పెడతాను" అంటే అది తీర్చగల కోరిక. కుర్చీ నిజంగా వేసి పెట్టండి, అగ్గిపెట్టె, బూడిద పడేసే డబ్బా అక్కడే ఉంచండి. హాల్లో ఉన్న యాష్‌ట్రే తీసేయండి. యాష్‌ట్రే కనిపించినంత కాలం అది తాగే చోటే.

ఇంకొకటి. మన ఇళ్లలో ఒక మర్యాద ఉంది. తండ్రో మేనమామో ఎదురైతే చేతిలో సిగరెట్టు వెనక్కి పోతుంది, లేదా చెప్పు కింద నలిగిపోతుంది. యాభై ఏళ్ల మనిషి కూడా ఊళ్లో పెద్దాయన కనిపిస్తే ఆర్పేస్తాడు. ఆ మర్యాద పిల్లల దగ్గర ఎందుకు ఉండదో ఆలోచించమనండి. పెద్దాయనకు ఆ పొగ వల్ల జరిగే నష్టం కంటే ఉయ్యాల్లో ఉన్న బిడ్డకు జరిగేది చాలా ఎక్కువ. ఈ మాట విని ఆలోచనలో పడినవాళ్లను చూశాను.

మా అమ్మాయి పురిటికి వస్తోంది. ముందుగా ఏం చేయాలి?

ఆమె గడపలో అడుగుపెట్టకముందే ఇంట్లో తాగడం ఆగాలి. గర్భిణి పొగ పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం పెరుగుతుంది. పుట్టాక పసిబిడ్డలకు నిమోనియా, చెవిలో చీము, ఉబ్బసం, నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం పెరుగుతాయి. వాళ్లు పెద్దవాళ్ల కంటే వేగంగా ఊపిరి తీస్తారు, పొగ వస్తే లేచి పక్కకు వెళ్లలేరు.

కర్టెన్లు, దుప్పట్లు, సోఫా గలీబులు ఉతికించండి. గోడలు, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడవండి. తెల్లగుడ్డ మీద పసుపుపచ్చ జిగట వస్తే అది ఏళ్ల తరబడి పేరుకున్న పొగే. బాలింత గదికి వచ్చే బంధువుల్లో తాగి వచ్చినవాళ్లుంటే చొక్కా మార్చుకుని, చేతులూ నోరూ కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోమనండి. ఈ మాట అమ్మమ్మ నోట వస్తే ఎవరూ తప్పు పట్టరు.

బాల్కనీలో తాగితే సరిపోతుందా?

హాల్లో తాగడం కన్నా మేలే, కానీ సరిపోదు. బాల్కనీ తలుపు తెరిచి ఉంటే పొగ లోపలికే వస్తుంది, మూసినా పై ఫ్లాటు కిటికీలోకి పోతుంది. తాగాల్సిందే అయితే కిందికి దిగి, ఎవరి కిటికీకీ దగ్గర కాని ఆరుబయట తాగాలి. లోపలికి వచ్చాక కూడా కాసేపు ఊపిరితో పొగ బయటికి వస్తూనే ఉంటుంది. వెంటనే పిల్లాడిని ఎత్తుకోవద్దు.

వాసన పోయింది. అంటే పొగ పోయినట్టేనా?

కాదు. పొగలోని నికోటిన్, ఇతర రసాయనాలు గోడలకు, పరుపులకు, జుట్టుకు, నేల మీది దుమ్ముకు అంటుకుని ఉంటాయి. నేల మీద పాకి, అదే చెయ్యి నోట్లో పెట్టుకునే పిల్లలకు అవి చేరతాయి. రూమ్ స్ప్రే వాసనను కప్పుతుందే గానీ దేన్నీ తొలగించదు.

మా అమ్మమ్మ చుట్ట తాగుతుంది, అదీ నిప్పు లోపల పెట్టి. ఈ వయసులో చెప్పాలా?

చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరప్రాంతపు ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లకు ఉన్న అలవాటిది, అడ్డపొగ అంటారు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని, పని చేసుకుంటూనే తాగుతారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి క్యాన్సర్‌కు ఇది కారణమని వైద్య పరిశోధనల్లో దశాబ్దాల క్రితమే నమోదైంది. కాబట్టి చుట్ట ఆపమనే మాట కన్నా ముందు నోరు చూపించండి. నోట్లో పైభాగం తెల్లబడినా, ఎర్రటి చుక్కలు కనిపించినా, మానని పుండు ఉన్నా దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ముందుగా తెలిస్తే నయం చేయగల దశలోనే దొరుకుతుంది. మనవల్ని ఒళ్లో పెట్టుకున్నప్పుడు చుట్ట వద్దు అంటే అమ్మమ్మలు వింటారు. మనవడి కోసం కాకపోతే ఇంకెవరి కోసం వింటారు?

మా ఆయన పదేళ్ల పిల్లాడిని పంపించి సిగరెట్టు తెప్పించుకుంటాడు. తప్పు కాదా?

తప్పే. 18 ఏళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మడం 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం నేరం. పిల్లలకు పొగాకు ఇచ్చినా ఇప్పించినా బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మీ వీధి కిళ్లీకొట్టు అతనికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. "మా బాబు వస్తే ఇవ్వకు అన్నా" అంటే చాలు, చాలామంది ఇవ్వరు.

## అపార్టుమెంటులో

కింద ఫ్లాటులో తాగితే మా బాత్రూములోకి పొగ వస్తోంది. ఎలా?

ఒకే వరుసలో ఉన్న బాత్రూములన్నిటికీ వెనకాల ఒకే సందు ఉంటుంది, పైపులు దిగే డక్టు. కింద ఎవరైనా కమోడు మీద కూర్చుని తాగితే పొగ వెంటిలేటరు గుండా ఆ డక్టులోకి వెళ్లి, గొట్టంలో లేచినట్టు పైకి లేస్తుంది. మీ బాత్రూము వెంటిలేటరు తెరిచి ఉండి, వంటింట్లో చిమ్నీ నడుస్తుంటే, ఆ చిమ్నీ మీ ఇంట్లో గాలిని బయటికి లాగినకొద్దీ డక్టులో పొగ మీ ఇంట్లోకి వస్తుంది. రాత్రి పదకొండుకు, పొద్దున ఆరుకు వాసన ఎక్కువ రావడానికి కారణం ఆ వేళల్లోనే బాత్రూములో తాగడం.

మీ వైపు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. బాత్రూము ఎగ్జాస్టు ఫ్యానుకు వెనక్కి గాలి రాకుండా మూసుకునే రెక్కలు పెట్టించండి. పైపుల చుట్టూ గోడకు ఉన్న కన్నాలు సిమెంటుతోనో సిలికాన్‌తోనో పూడ్పించండి. బాత్రూము తలుపు మూసి ఉంచండి. ఇవి పొగను తగ్గిస్తాయి, ఆపవు. ఆపగలిగేది కింద ఫ్లాటు ఆయనే.

ఆయనకు తన పొగ మీ ఇంట్లోకి వస్తోందని తెలియకపోవచ్చు, చాలామందికి నిజంగానే తెలియదు. తలుపు కొట్టి గొడవ పడకుండా, పగటి పూట, పొగ లేని సమయంలో వెళ్లండి. "అన్నా, మీరు బాత్రూములో తాగితే డక్టులోంచి మా చిన్నదాని గదిలోకి వస్తోంది, దానికి ఆయాసం ఉంది. కింద పార్కింగు బయట తాగగలరా?" అని అడగండి. ఎవరికి ఇబ్బందో, ఎక్కడి నుంచి వస్తోందో, ఏం చేస్తే బాగుంటుందో ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ పెట్టడం ఆఖరి పని. అక్కడ పెట్టాక ఎదుటి మనిషికి ఒప్పుకునే దారి మూసుకుపోతుంది.

మెట్ల మీద, లిఫ్టు దగ్గర, టెర్రస్ మీద తాగుతున్నారు. సంఘం ఏం చేయగలదు?

సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి నియమావళిలో చేర్చవచ్చు. లిఫ్టు, మెట్లు, కారిడారు, సెల్లారు, పిల్లలు ఆడుకునే చోటు, క్లబ్‌హౌస్ అన్నిటినీ పేరు పేరునా రాయండి. "ఉమ్మడి స్థలాలు" అని ఒక్క మాటలో రాస్తే టెర్రస్ వస్తుందా రాదా అని మళ్లీ తగువు. సెల్లారు గురించి మరీ గట్టిగా ఉండండి. అక్కడ పెట్రోలు బండ్లున్నాయి, విద్యుత్ ప్యానెల్ ఉంది, గాలి ఆడదు.

తీర్మానంతో పాటు తాగేవాళ్లకు ఒక చోటు కూడా చూపించాలని నా గట్టి అభిప్రాయం. కాంపౌండు గోడ పక్కన, కిటికీలకు దూరంగా, ఇసుక పోసిన డబ్బాతో ఒక మూల. చోటు చూపించకపోతే మెట్ల మలుపులోనే దాక్కుని తాగుతారు. వాచ్‌మన్‌కు కాపలా పని అప్పగించవద్దు. ఫ్లాటు యజమానిని ఆపమని అడిగే ధైర్యం అతనికి ఉండదు, అడిగితే ఉద్యోగం పోతుందని భయం. ఆ మాట చెప్పాల్సింది సంఘం కార్యదర్శి.

ఎంత చెప్పినా వినని పొరుగువాళ్ల మీద పోలీసులకు చెప్పవచ్చా?

సొంత ఫ్లాటు లోపల తాగడం నేరం కాదు కాబట్టి పోలీసులు చేయగలిగింది తక్కువ. చుట్టుపక్కలవాళ్ల ఆరోగ్యానికి హాని కలిగేలా గాలిని పాడుచేయడం మీద భారతీయ న్యాయ సంహితలో 280వ సెక్షన్ ఉంది, జరిమానా వెయ్యి రూపాయల దాకా. పాత శిక్షాస్మృతిలో దీని స్థానంలో 278 ఉండేది. కానీ ఒక్క పొరుగింటాయన సిగరెట్టు మీద కేసు నిలబెట్టడం కష్టం. ఆ దారిలో వెళ్లేముందు డాక్టరు రాసిన కాగితం, సంఘానికి ఇచ్చిన లిఖిత ఫిర్యాదు మీ దగ్గర ఉంచుకోండి.

అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడ బాల్కనీలో తాగవచ్చా?

వెళ్లేముందే అబ్బాయిని లీజు చదవమనండి. చాలా అపార్టుమెంట్ల ఒప్పందాల్లో లోపలా బాల్కనీలో కూడా పొగ తాగరాదని ఉంటుంది. ఉల్లంఘిస్తే డిపాజిట్టు పోవచ్చు, ఇల్లు ఖాళీ చేయమనవచ్చు. అక్కడి ప్రభుత్వ గృహసముదాయాల్లో 2018 జులై 31 నుంచి ఇళ్ల లోపలే కాక భవనానికి 25 అడుగుల దూరం దాకా నిషేధం. పొగ గుర్తించే అలారం మోగితే భవనమంతా కిందికి దిగాల్సి వస్తుంది.

## ఆఫీసులో, హోటల్లో

ఆఫీసులో బాసు తన క్యాబిన్లో తాగుతారు. అది ఆయన సొంత గది కదా?

కాదు. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం పనిచేసే చోటు కూడా బహిరంగ ప్రదేశమే. క్యాబిన్, మీటింగు గది, మెట్లు అన్నీ అందులోకే వస్తాయి. విడిగా పొగ గది పెట్టుకునే వెసులుబాటు విమానాశ్రయాలకు, కనీసం 30 గదులున్న హోటళ్లకు, కనీసం 30 మంది కూర్చునే రెస్టారెంట్లకే ఉంది. ఆఫీసులకు లేదు. నేరుగా చెప్పడం భయమైతే పేరు లేకుండా హెచ్‌ఆర్‌కు రాయండి. "ప్రవేశద్వారం దగ్గర, ప్రతి అంతస్తులో బోర్డు లేదు" అని రాయడం తేలిక. బోర్డు పెట్టాల్సిన బాధ్యత యాజమాన్యానిది, ఆ ఫిర్యాదుకు ఎవరి పేరూ అక్కర్లేదు.

రెస్టారెంటులో పొగ గది ఎలా ఉండాలి? మా పక్క టేబుల్‌నే స్మోకింగ్ జోన్ అంటున్నారు.

టేబుల్ మీద కార్డు పెడితే అది పొగ గది కాదు. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలుండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి. లోపలి గాలి ఎగ్జాస్టుతో బయటికి పోవాలే గానీ భోజనాల హాల్లోకి రాకూడదు. ఆ నియమాలకు 2017లో చేసిన సవరణ తర్వాత ఆ గదిలో తినేవి, తాగేవి ఏవీ వడ్డించకూడదు. బార్లు, పబ్బులు, ఫంక్షన్ హాళ్లు, వాటి చుట్టూ ఉన్న ఆవరణ కూడా రెస్టారెంటు లెక్కలోకే వస్తాయి. హుక్కా కేంద్రాలను తెలంగాణ 2024 ఫిబ్రవరిలో చట్టం చేసి నిషేధించింది.

టీ బంకు దగ్గర అందరూ తాగుతారు. అక్కడ ఏం చేయగలం?

నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ చేయలేం. గాలి వచ్చే వైపుకు జరిగి నిలబడండి, పిల్లలను అక్కడికి తీసుకెళ్లకండి. బంకు బడికో కాలేజీకో 100 గజాల లోపు ఉంటే మాత్రం అక్కడ పొగాకు అమ్మడమే నేరం. బడి తల్లిదండ్రుల కమిటీ పట్టించుకోవాల్సిన విషయమది.

## ప్రయాణంలో

రైల్లో తలుపు దగ్గర, టాయిలెట్‌లో తాగుతుంటే ఎవరికి చెప్పాలి?

139కి ఫోన్ చేయండి, లేదా రైల్‌మదద్ యాప్‌లో పీఎన్ఆర్, బోగీ నంబరుతో ఫిర్యాదు పెట్టండి. టీటీఈకి, ఆర్పీఎఫ్ సిబ్బందికి కూడా చెప్పవచ్చు. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు ఎదుటి మనిషితో వాదన పెట్టుకోకుండా ఫోన్లో చెప్పడమే మంచిది.

రైల్లో ఇది ఒక్క పొగ సమస్య కాదు, అగ్నిప్రమాదపు సమస్య కూడా. 2023 ఆగస్టులో తిరుపతి నుంచి సికింద్రాబాద్ వస్తున్న వందేభారత్‌లో, టికెట్టు లేని ఒకాయన టాయిలెట్‌లో సిగరెట్టు వెలిగించాడు. అలారం మోగింది, మంటలార్పే పొడి బోగీలో చిమ్మింది, నిండు రైలు మనుబోలు దగ్గర ఆగిపోయింది. ఆయనను నెల్లూరులో పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఆ కాసేపూ బోగీలో ఉన్నవాళ్లకు రైలు అంటుకుందో లేదో తెలియదు.

బస్సు డ్రైవరు స్టీరింగు దగ్గరే తాగుతున్నాడు.

బస్సు ప్రజారవాణా వాహనం, డ్రైవరుకూ ప్రయాణికులకూ ఒకటే నియమం. ఆర్టీసీ బస్సయితే కండక్టరుకు చెప్పండి. వినకపోతే బస్సు నంబరు, రూటు, సమయం రాసి డిపో మేనేజరుకు పంపండి. ప్రైవేటు ట్రావెల్స్ ఏసీ బస్సులో అయితే కేబిన్‌లో తాగిన పొగ స్లీపర్ బెర్తుల దాకా వస్తుంది, ఎందుకంటే లోపలి గాలే తిరుగుతుంది. బండి ఆగినప్పుడు క్లీనరుతో చెప్పండి. రాత్రి బండి నడిపేవాళ్లు నిద్ర రాకుండా ఉండడానికి తాగుతామంటారు. "టీకి ఆపండి, పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు" అని ప్రయాణికుల్లో నలుగురు అంటే ఆపుతారు.

షేర్ ఆటోలో, క్యాబ్‌లో?

ఎక్కే ముందే అడగండి. "భయ్యా, సిగరెట్టు ఆర్పేస్తే ఎక్కుతాం" అంటే బేరం పోగొట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు.

## ఫిర్యాదు దాకా వెళ్లాక

జరిమానా ఎంత? ఎవరు వేస్తారు?

తాగిన మనిషికి 200 రూపాయల దాకా. 2003లో పెట్టిన హద్దు అది, ఇప్పటి ధరలకు చాలా తక్కువ. పోలీసులే కాదు, గెజిటెడ్ అధికారులు, స్టేషన్ మాస్టర్లు, ఆసుపత్రి సూపరింటెండెంట్లు, ప్రధానోపాధ్యాయులు తమ తమ పరిధిలో జరిమానా వేయవచ్చు. ఈ సంగతి చాలామంది ప్రధానోపాధ్యాయులకే తెలియదు.

అసలు బలం మరోచోట ఉంది. హోటలు, ఆఫీసు, సినిమాహాలు, ఆసుపత్రి ఏదైనా సరే, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ అధికారి పేరు బోర్డు మీద రాయాలి. ఫిర్యాదు వచ్చినా ఆయన పట్టించుకోకపోతే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాలు ఆయనే కట్టాలి. అందుకే తాగేవాడితో కాకుండా మేనేజరుతో మాట్లాడండి. లోపల యాష్‌ట్రేలు, లైటర్లు ఇవ్వడం కూడా నిషేధమేనని గుర్తుచేయండి.

బస్టాండు, స్టేడియం ఆరుబయటే కదా, అక్కడ తాగవచ్చుగా?

ఆరుబయట అనే మినహాయింపు చట్టంలో ఉంది. కానీ రైల్వే స్టేషన్, బస్‌స్టాపు, స్టేడియం, ఆరుబయలు ఆడిటోరియంలకు ఆ మినహాయింపు లేదని 2008 నియమాలు స్పష్టంగా చెప్పాయి.

ఈ చట్టం ఎవరికోసమో పైనుంచి దిగిందా?

లేదు, బాధపడ్డవాళ్లు కోర్టుకు వెళ్తేనే వచ్చింది. 1999 జులైలో కేరళ హైకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన వ్యాజ్యం మీద 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో దేశమంతటా నిషేధించమని ఆదేశించింది. తాగనివాళ్లకు కూడా జీవించే హక్కు ఉంది, గాలి అందులో భాగమే అన్నది దాని సారం. ఆ తర్వాతే 2003 చట్టం వచ్చింది.

## తాగేవాళ్లు అడిగేవి

అన్నిచోట్లా వద్దంటే మేమెక్కడ తాగాలి? మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు.

మీ బాధ అర్థమవుతుంది. నికోటిన్ వ్యసనం. అది బలహీనత కాదు, చాలామంది పదహారేళ్లకో పద్దెనిమిదేళ్లకో అందులో పడ్డవాళ్లే. మిమ్మల్ని అవమానించే హక్కు ఎవరికీ లేదు. ఇక్కడ అడుగుతున్నది ఒక్కటే, పైకప్పు కింద వద్దు, పిల్లలూ గర్భిణులూ ఉన్న దగ్గర వద్దు, బండిలో అద్దాలు మూసుకుని వద్దు. ఆరుబయట, జనానికి దూరంగా తాగండి. వెలిగించే ముందు "మీకు ఇబ్బందా?" అని అడిగితే చాలామంది మొహమాటానికి "ఫర్వాలేదు" అంటారు. ఆ మాటను నమ్మకండి, పక్కకు వెళ్లండి.

మగవాళ్లు తాగితే ఎవరూ మాట్లాడరు, నేను తాగితే వీధంతా తిరిగి చూస్తుంది. ఇదేం న్యాయం?

న్యాయం కాదు. ఆడపిల్ల చేతిలో సిగరెట్టు చూసి సంస్కృతి గుర్తొచ్చేవాళ్లు, అదే పొగ ఆమె తండ్రి నోట్లోంచి వస్తే ఇరవై ఏళ్లు పీల్చి ఊరుకున్నారు. పొగ ఎవరిదైనా పక్కవాళ్లకు చేసే హాని ఒకటే, కాబట్టి అడిగే పద్ధతీ ఒకటే ఉండాలి. ఎవరు తాగుతున్నారో చూసి కోపం తెచ్చుకునేవాళ్ల మాట మీరు వినక్కర్లేదు. మీ పక్కన దగ్గుతున్న మనిషి మాట వినండి.

మా ఊరు బతికేదే పొగాకు మీద. మీరు పొగ వద్దంటే మా రైతు, మా బీడీ కార్మికురాలు ఏమవ్వాలి?

పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది. ప్రకాశం జిల్లాలో వేలం కేంద్రాల చుట్టూ ఊళ్లకు ఊళ్లు బతుకుతున్నాయి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ పిల్లలను చదివించిన తల్లులు లక్షల్లో ఉన్నారు. వాళ్ల బతుకు తేలిగ్గా తీసిపారేసేది కాదు. కానీ బస్సులో, గదిలో, బిడ్డ పక్కన తాగవద్దన్నంత మాత్రాన రైతు పొలం ఎండిపోదు. ఆ బీడీలు చుట్టే తల్లి రోజంతా ఇంట్లోనే పొగాకు దుమ్ము పీలుస్తోంది, ఆమె పక్కన పిల్లలు చదువుకుంటున్నారు. బీడీలు చుట్టే చాటను గాలి తగిలే వసారాలో పెట్టుకోవడం, చంటిపిల్లలను దూరంగా ఉంచడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఆమెకు ఎవరైనా చెప్పారా? వాళ్ల గురించి నిజంగా ఆలోచించేవాళ్లు ప్రత్యామ్నాయ ఉపాధి గురించి, మంచి కూలి గురించి కూడా గట్టిగా అడగాలి.

మానేద్దామనుకుంటున్నా, చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. సాయం ఎక్కడ దొరుకుతుంది?

1800-11-2356 ఉచిత నంబరు. సిగరెట్టు పెట్టె మీదే ఉంటుంది, చాలామంది చూసి ఉండరు. దక్షిణాది భాషల వాళ్ల కోసం బెంగళూరు నిమ్‌హాన్స్‌లో కేంద్రం ఉంది. కౌన్సిలర్ మాట్లాడి మానే తేదీ పెట్టిస్తారు, తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు. ఫోన్లో మాట్లాడడం ఇష్టం లేకపోతే 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజీలు వస్తాయి. నికోటిన్ చూయింగ్ గమ్, చర్మానికి అంటించే ప్యాచ్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి. ఎంత మోతాదు వాడాలో డాక్టరును అడగండి, గుండె జబ్బు ఉంటే తప్పకుండా అడగండి.

మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి. తాగాలనే కోరిక ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగుతూనో, సోంపు నములుతూనో, నాలుగడుగులు నడుస్తూనో గడపండి. టీ తాగగానే సిగరెట్టు గుర్తొచ్చేవాళ్లు కొన్ని వారాలు ఆ బంకు వైపు వెళ్లకుండా ఇంట్లోనే టీ తాగాలి. మానేసిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు తాగేవాళ్లతో పోలిస్తే సగానికి తగ్గుతుంది. మళ్లీ ఒకటి వెలిగించారంటే అంతా పోయినట్టు కాదు, ఆ రోజే మళ్లీ ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లు ఆ మొదటి వారం మానేస్తున్న మనిషి చిరాకును ఓర్చుకోండి, దెప్పకండి.